రిజర్వ్ క్లాజ్ కాలం బేస్‌బాల్ ఆటలో జీతాలు, పట్టుదల ఎలా లెక్కకట్టాలి?
అందరికీ నమస్కారం. పాత అమెరికన్ బేస్‌బాల్ మీద సొంతంగా ఒక సిమ్యులేషన్ గేమ్ రాస్తున్నాను, 1914 నుంచి 1975 దాకా, కానీ జీతాల దగ్గరే ఆగిపోయాను. ఆ రోజుల్లో రిజర్వ్ క్లాజ్ ఉండేది కదా, కాంట్రాక్టు గడువు అయిపోయినా ఆటగాడు తనంతట తాను వేరే జట్టుకి వెళ్లలేడు, యజమాని ఇచ్చింది తీసుకోవాలి లేదా ఇంట్లో కూర్చోవాలి. 1938లో యాంకీస్ జట్టు స్టార్ ఆటగాడు జో డిమాజియో 40,000 డాలర్లు అడిగి చివరికి 25,000కే ఒప్పుకున్నాడు. అదే 1966లో డాడ్జర్స్ జట్టు పిచర్లు (బంతి విసిరేవాళ్లు) కూఫాక్స్, డ్రైస్‌డేల్ ఇద్దరూ కలిసి మొండికేస్తే ఒక్కొక్కరికీ లక్ష దాటింది. నా మోడల్‌లో ఆట బాగుంటే జీతం పెరుగుతుంది, అంతే. ఈ బేరమాడే బలం ఎక్కడా కనిపించదు.

ప్రతి ఆటగాడికీ అసంతృప్తి అని ఒక అంకె పెట్టాను, అది పెరిగేకొద్దీ బ్యాటింగ్ తగ్గేలా చేశాను, ఇప్పుడు అదే తప్పనిపిస్తోంది, ఎందుకంటే వచ్చే ఏడాది జీతం కోసం ఇంకా కసిగా ఆడేవాళ్లూ ఉంటారు. దాన్ని ఆటకి కలపాలా, లేక సంతకం పెట్టకుండా భీష్మించుకు కూర్చునే అవకాశానికి మాత్రమే కలపాలా? 1914, 1915లో ఫెడరల్ లీగ్ అనే మరో లీగ్ పోటీకి వచ్చి జీతాలు పెరిగాయి, అది ఎలా చూపించాలి? ఇలాంటిది ప్రయత్నించినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, రెండు నెలలుగా ఇక్కడే ఇరుక్కున్నాను.