ప్రే ఆన్ అంటే ఏంటి? మూడు గంటలుగా తల బద్దలవుతోంది

హన్మకొండ అభ్యర్థి:
అన్నలూ, ఇంగ్లిష్‌లో ప్రే ఆన్ (prey on) దగ్గర పొద్దున్నుంచి ఆగిపోయాను. డిక్షనరీలో 'వేటాడి తిను' అని ఉంది. నాకొచ్చిన వాక్యంలో అది అస్సలు కుదరడం లేదు. ప్రార్థనకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? రేపే టెస్ట్, టెన్షన్‌గా ఉంది.

నర్సంపేట టీచర్:
వాక్యమేది?

భాషాభిమాని:
ముందు స్పెల్లింగ్ చూడు తమ్ముడూ. పలకడం ఒకటే అయినా ప్రార్థనలో 'ఏ' అక్షరం, వేటలో 'ఈ' అక్షరం. రెండోది లాటిన్ 'ప్రేడా' నుంచి వచ్చింది, కొల్లసొమ్ము అని అర్థం. ప్రెడేటర్‌ది కూడా అదే మూలం. ఇంకో మాట, దీన్ని ఫ్రేజల్ వెర్బ్ అనకూడదు. 'టర్న్ ఆన్' ఫ్రేజల్ వెర్బ్ కాబట్టి 'టర్న్ ఆన్ ద లైట్', 'టర్న్ ద లైట్ ఆన్' రెండూ చెల్లుతాయి. ఇక్కడ ఆన్‌ని అలా వెనక్కి జరపలేం. ఇది ప్రిపొజిషనల్ వెర్బ్. కోచింగ్ పుస్తకాలు రెంటినీ ఒకే గాటన కట్టి పిల్లల్ని తికమక పెడుతున్నాయి, నాకు బాధంతా అక్కడే.

పత్తి చేను:
పేరేదైనా వాడుక తెలియాలి కదా సార్. మా చేనులో పత్తి ఆకు తిప్పితే అడుగున పేనుబంక గుంపుగా అంటుకుని రసం పీలుస్తుంటుంది. అది ఫీడ్ ఆన్. అక్షింతల పురుగు వచ్చి ఆ పేనుబంకను ఒక్కొక్కటే పట్టి తింటుంది. అది ప్రే ఆన్. మనుషుల్లో అయితే, దిక్కుతోచని వాళ్లను చూసి దోచుకోవడం. అప్పుల యాప్‌లు చదువుకునే పిల్లలను పట్టుకునేది అట్లనే. మా ఇంట్లోనే చూశాను, ఇప్పటికీ కడుపు మండుతుంది.

భాషాభిమాని:
అంటే మోసానికి 'ఎర' అయ్యారు అనొచ్చు.

నర్సంపేట టీచర్:
ఎర గాలానికి గుచ్చేది. 'బలి' అనాలి.

భాషాభిమాని:
పాము ఎర మింగింది అనమా? ఎరకు రెండర్థాలూ ఉన్నాయి.

హన్మకొండ అభ్యర్థి:
సార్, వాక్యం ఇదీ: 'ద మిస్టేక్ ప్రేడ్ ఆన్ హిజ్ మైండ్'. తప్పు మనసును వేటాడటమేంటి?

నర్సంపేట టీచర్:
ఇది మొదటే పెట్టాల్సింది. చేసిన తప్పు అతని మనసును తొలిచేసింది.

పత్తి చేను:
మా అమ్మయితే 'రంధి పట్టుకుంది' అంటుంది, అంటే దిగులు.

భాషాభిమాని:
రంధి మనిషి పెట్టుకునేది కదా. ఇక్కడ కర్త ఆ తప్పు. తేడా ఉంది.

పత్తి చేను:
మా దిక్కు రంధే మనిషిని పట్టుకుంటది సార్.

హన్మకొండ అభ్యర్థి:
'తొలిచేసింది' సరిపోయింది. థ్యాంక్స్ అన్నా, తర్వాతి చాప్టర్ చూసుకుంటా.