35 వేల బడ్జెట్‌లో మొదటి ఆసిలోస్కోపు: టేబుల్ మీదదా, బ్యాటరీతో చేతిలో ఉండేదా?

పాలకొల్లు మరమ్మతులు:

అందరికీ నమస్కారమండి. పదకొండేళ్ళుగా పాలకొల్లులో ఇన్వర్టర్లు, ఇండక్షన్ స్టవ్‌లు, రొయ్యల చెరువుల నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకు పెట్టే వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవులు) బాగుచేస్తున్నాను. మల్టీమీటరుతో, సిరీస్ బల్బుతో ఇంతవరకు పని జరిగింది గాని, గత నెలలో ఒక వీఎఫ్‌డీకి ఐజీబీటీలు (పెద్ద కరెంటును ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) మార్చి ఇస్తే రెండో రోజుకే మళ్ళీ పేలిపోయాయి. వాటిని నడిపే గేటు పల్సులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడకుండా పార్టులు మార్చడం నా తప్పు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళ ఏరియేటరు ఆగితే రైతు పంట మొత్తం పోయే ప్రమాదం ఉంది కనుక, ఇకపై స్కోపు (కరెంటు అలలను తెర మీద చూపే ఆసిలోస్కోపు) లేకుండా ఆ పని ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను.

35 వేల రూపాయలు పక్కన పెట్టాను. ఒకవైపు ఓవాన్ హెచ్‌డీఎస్242 వంటి, మల్టీమీటరు కూడా కలిసి ఉన్న 40 మెగాహెర్ట్జ్ చేతి స్కోపు. మరోవైపు హాన్‌టెక్ డీఎస్ఓ2సీ10 గాని, రైగోల్ డీఎస్1054జెడ్ గాని, టేబుల్ మీద పెట్టుకునేవి. ఏది తీసుకోవాలన్న దానిమీద మా మిత్రుల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

ఇంకొక విషయం కూడా చెప్పాలి. రెండేళ్ళ క్రితం ఒక మిత్రుడి దుకాణంలో అతని స్కోపుతో చూద్దామని, ఇండక్షన్ స్టవ్ బోర్డులో పెద్ద కెపాసిటరు మైనస్ కాలికి గ్రౌండ్ క్లిప్పు తగిలించాను. పెద్ద చప్పుడుతో ఎంసీబీ పడిపోయింది. క్లిప్పు పళ్ళు కరిగి బోర్డు రాగికి అతుక్కుపోయాయి. ఆ క్లిప్పు ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. ఆ భయం వల్లనే బ్యాటరీ స్కోపు వైపు మొగ్గుతున్నాను.

అమలాపురం చెరువుల మెకానిక్:

మీరు మొగ్గిన వైపే సరైనదండి. మన పని దుకాణంలో సగం, చెరువు గట్టు మీద సగం. గట్టు మీద ప్యానెల్ తెరిచి నిలబడ్డప్పుడు టేబుల్ ఎక్కడుంటుంది? మొన్న అల్లవరం వైపు ఒక వీఎఫ్‌డీ లోడు పడగానే ట్రిప్ అవుతోందని పిలిచారు. వోల్టేజిని వంద రెట్లు తగ్గించే ప్రోబు (స్కోపు కొలత తీగ) పెట్టి డీసీ బస్ (ఏసీ డీసీగా మారి నిలిచే చోటు) మీద అలను చూశాను. మూడు ఫేజులూ సరిగ్గా ఉంటే ఆ అల సెకనుకు 300 సార్లు రావాలి; అక్కడ 100 సార్లే వస్తోంది. అంటే ఒక ఫేజు లోపలికి రావడం లేదు. వెతికితే ఫ్యూజు బేస్‌లో ఉప్పుగాలికి పచ్చబడిన క్లిప్పు దొరికింది. పావుగంటలో పని పూర్తయింది, పార్టు ఖర్చు లేదు. టేబుల్ స్కోపు ఎంత గొప్పదైనా నాతో అక్కడికి రాదు.

కాకినాడ ల్యాబ్:

అమలాపురం వారు చెప్పిన ఉదాహరణ చాలా మంచిది, కాని 300 హెర్ట్జ్ అలను ఏ స్కోపైనా చూపిస్తుంది. పాలకొల్లు వారి అసలు సమస్య ఐజీబీటీలు ఎందుకు పేలుతున్నాయన్నది. డిప్లొమా విద్యార్థులకు ల్యాబ్ చెబుతూ నేను గమనించినదేమిటంటే, కొనేవారందరూ మొదట మెగాహెర్ట్జ్ అంకె చూస్తారు, మెమరీ అంకెను (స్కోపు ఒకేసారి ఎన్ని చుక్కలు దాచగలదో అది) చివరికి కూడా చూడరు.

బ్యాండ్‌విడ్త్, అంటే ఆ మెగాహెర్ట్జ్ అంకె సంగతి ముందు తేల్చేద్దాం. 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే స్కోపు సొంత రైజ్ టైమ్ (అల అంచు పైకి లేవడానికి పట్టే కాలం) వస్తుంది. 50 మెగాహెర్ట్జ్ స్కోపుకు అది 7 నానోసెకన్లు. మోస్‌ఫెట్ (ఐజీబీటీ లాంటి మరో స్విచ్) అంచు 30 నానోసెకన్లదైతే, రెండింటి వర్గాలను కూడి మూలం తీస్తే తెర మీద 30.8 నానోసెకన్లుగా కనబడుతుంది. మూడు శాతం కన్నా తక్కువ తేడా. పవర్ బోర్డులకు 50 మెగాహెర్ట్జ్ చాలును.

మెమరీ అలా కాదు. కరెంటు ఒక ఆవృతి 20 మిల్లీసెకన్లు. మీ వీఎఫ్‌డీలో లోపం ఆ ఆవృతిలో ఎక్కడో ఒక్కచోట, ఒక్క పల్సులో మాత్రమే వస్తుంటే, ఆవృతి మొత్తాన్నీ ఒకేసారి పట్టి, తరువాత ఆ చోటికి దగ్గరగా వెళ్ళి చూడాలి. 8 వేల పాయింట్ల (చుక్కల) మెమరీ మాత్రమే ఉన్న స్కోపు 20 మిల్లీసెకన్లను పడితే, రెండున్నర మైక్రోసెకన్లకు ఒక్క చుక్క పడుతుంది. పైన ఉన్న ఐజీబీటీ ఆగడానికీ, కింద ఉన్నది మొదలవడానికీ మధ్య, రెండూ ఒకేసారి ఆన్ అయి షార్టు కాకుండా వదిలే డెడ్ టైమే సాధారణంగా ఒకటి నుంచి మూడు మైక్రోసెకన్లు. అది రెండు చుక్కల మధ్యనే మాయమైపోతుంది. అదే డీఎస్ఓ2సీ10లో 80 లక్షల పాయింట్లున్నాయి, కనుక అంతే కాలానికి రెండున్నర నానోసెకన్లకు ఒక చుక్క పడుతుంది. వెయ్యి రెట్ల తేడా ఇది. డీఎస్1054జెడ్‌లో ఒక్క ఛానలే వాడితే ఇంకా ఎక్కువ, కనీసం 1.2 కోట్ల పాయింట్లు. కాని దానిలో సెకనుకు 100 కోట్ల శాంపిళ్ళు ఒక్క ఛానల్ వాడినప్పుడే; రెండు వాడితే 50 కోట్లు, నాలుగూ వాడితే 25 కోట్లు అవుతాయని గుర్తుంచుకోవాలి.

తణుకు పాత సీఆర్‌ఓ:

నా దగ్గర 20 మెగాహెర్ట్జ్ అనలాగ్ సీఆర్‌ఓ (పాత తరహా పిక్చర్ ట్యూబు స్కోపు) ఉన్నది. ఇరవై ఏళ్ళుగా టీవీ బోర్డులు, ఎస్ఎంపీఎస్‌లు (స్విచింగ్ పవర్ సప్లైలు) దానితోనే చేస్తున్నాను. చుక్కల లెక్క లేదు, లేని అలను ఉన్నట్టు చూపించే బాధ లేదు. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలవద్దని నా సలహా. అయితే ఒక్క లోటు ఒప్పుకోవాలి: ఆన్ చేయగానే ఒక్కసారి కొట్టుకుని ఆగిపోయే ఎస్ఎంపీఎస్ అలను అది పట్టి నిలపలేదు. మన వానాకాలపు తేమకు దాని లోపల హెచ్.టి. (అధిక వోల్టేజి) దగ్గర లీకేజీ కూడా మొదలైంది, ఇప్పుడు పార్టులు దొరకడం కష్టమవుతున్నది.

అమలాపురం చెరువుల మెకానిక్:

కాకినాడ వారి లెక్క తప్పని అనను. కాని గేటు పల్సులు పదేపదే వచ్చేవే కదండి. టైమ్‌బేస్‌ను ఒక మైక్రోసెకనుకు తగ్గించి, అంచు మీద ట్రిగ్గర్ (అల ఆ చోటికి రాగానే తెర మీద నిలిపే ఏర్పాటు) పెడితే నా చేతి స్కోపులో డెడ్ టైమ్ స్పష్టంగా కనబడుతుంది. ఆవృతిలో ఒక్కసారే వచ్చే లోపాలు పదిటిలో ఒకటి కూడా ఉండవు. ఆ ఒక్కదాని కోసం మిగిలిన పనిని వదులుకోవాలా? పైగా ఆయన క్లిప్పు కరిగిన సంగతికి మీరింకా జవాబు చెప్పలేదు. బ్యాటరీ స్కోపైతే ఆ ప్రమాదమే లేదు.

కాకినాడ ల్యాబ్:

పల్సుల విషయంలో మీ మాట న్యాయమైనదే, అంగీకరిస్తున్నాను. ప్రమాదమే లేదన్న మాటను మాత్రం అంగీకరించలేను, ఎందుకంటే ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

ఇండక్షన్ స్టవ్‌లో బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల జట్టు) మైనస్ కాలిని మనం గ్రౌండ్ అని పిలుస్తాం గాని, అది ఎర్తు కాదు. 230 వోల్టుల కరెంటుకు శిఖరం 325 వోల్టులు. ప్రతి ఆవృతిలో సగభాగం ఆ మైనస్ కాలు డయోడు ద్వారా ఫేజుకు అంటుకుని ఉండి, ఎర్తు నుంచి అంత దూరమూ వెళ్తుంది. టేబుల్ స్కోపు గ్రౌండ్ క్లిప్పు ప్లగ్గు మూడో పిన్ను ద్వారా ఎర్తుకు కలిసి ఉంటుంది కనుక, క్లిప్పు తగిలించిన క్షణం ఫేజును నేరుగా ఎర్తుకు కలిపినట్టే. కరిగినది అందుకే. కొందరు స్కోపు ప్లగ్గు ఎర్తు పిన్నును కత్తిరించి వాడుతారు. అప్పుడు క్లిప్పు పేలదు, కాని స్కోపు లోహపు భాగాలన్నీ ఫేజు మీద ఉంటాయి. నాబ్ తిప్పబోయి సాకెట్టు అంచు తాకిన వేలికి అది తెలుస్తుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

బ్యాటరీ స్కోపు ఎర్తుకు కలిసి ఉండదు, నిజమే. కాని చార్జరు గాని, కంప్యూటరుకు వెళ్ళే కేబులు గాని పెట్టి ఉంటే ఆ రక్షణ పోతుంది. రెండు ఛానళ్ళ గ్రౌండ్లు ఈ ధరలోని స్కోపులలో సాధారణంగా లోపలే కలిసి ఉంటాయి కనుక, ఒక క్లిప్పును మైనస్‌కు, మరొక దానిని పై ఐజీబీటీ ఎమిటర్ కాలికి పెడితే స్కోపు ద్వారానే షార్టు అవుతుంది. సరైన దారి ఏమిటంటే, స్కోపును ఎర్తు మీదే ఉంచి, రిపేరు చేసే బోర్డును ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు (మెయిన్స్‌తో నేరు సంబంధాన్ని తెంచేది) మీద నడపడం. అప్పుడు కూడా ఒక్కచోటే క్లిప్పు పెట్టాలి, బోర్డు మీద చేయి పెట్టకూడదు. మూడు ఫేజుల వీఎఫ్‌డీకి అది సాధారణంగా కుదరదు, అక్కడ డిఫరెన్షియల్ ప్రోబు (ఎర్తుతో పని లేకుండా రెండు చోట్ల మధ్య తేడాను కొలిచేది) కావాలి.

రావులపాలెం బోర్డులు:

రెండు ప్రోబులు పెట్టి, ఒకదాని నుంచి మరొకదానిని తీసివేసే మ్యాథ్ ఫంక్షన్ టేబుల్ స్కోపులన్నింటిలో ఉంటుంది కదా, డిఫరెన్షియల్ ప్రోబు ఖర్చు ఎందుకు? నేనైతే 12 బిట్ల రైగోల్ డీహెచ్ఓ804 కోసం ఇంకొన్ని నెలలు ఆగమంటాను. నాలుగు ఛానళ్ళు, 70 మెగాహెర్ట్జ్.

కాకినాడ ల్యాబ్:

పై ఐజీబీటీ గేటు వద్ద ఆ పద్ధతి మోసం చేస్తుంది. 415 వోల్టుల సరఫరాకు డీసీ బస్ సుమారు 580 వోల్టులు ఉంటుంది, కనుక తెర ఎత్తు 800 వోల్టులుగా పెట్టుకోవాలి. 8 బిట్ల స్కోపులో అది 256 మెట్లు, ఒక్కో మెట్టు మూడు వోల్టుల పైమాటే. 15 వోల్టుల గేటు పల్సు అయిదు మెట్లలో ముగిసిపోతుంది. 12 బిట్లలో 4096 మెట్లు కనుక మెట్టు బాధ తీరుతుంది, అందులో మీతో ఏకీభవిస్తాను. కాని రెండు ప్రోబుల మధ్య ఒక్క శాతం తేడా ఉన్నా 580 వోల్టుల మీద దాదాపు ఆరు వోల్టుల తప్పు వస్తుంది, 12 బిట్లు దానిని సరిచేయలేవు. గేటుకు 15 వోల్టులు వస్తున్నాయా, 9 వస్తున్నాయా అన్నదే మనం తెలుసుకోవలసినది. అందువల్ల స్కోపు ఒక మెట్టు తక్కువదైనా పరవాలేదు, ప్రోబుకు డబ్బు మిగల్చండి.

తణుకు పాత సీఆర్‌ఓ:

ప్రోబుల మాట వచ్చింది కనుక ఒక్కటి చెబుతాను. ప్రోబును 1ఎక్స్ (తగ్గించకుండా పంపే) స్విచ్‌లో పెడితే ఎంత ఖరీదైన స్కోపైనా ఆరేడు మెగాహెర్ట్జ్‌కే పరిమితమవుతుంది. 10ఎక్స్‌లో (పది రెట్లు తగ్గించేలా) పెట్టి, స్కోపు ముందున్న ఒక కిలోహెర్ట్జ్ చతురపు అలకు తగిలించి, మూలలు గుండ్రంగానూ కాకుండా, కొమ్ములూ రాకుండా ప్రోబు మీది చిన్న స్క్రూను సర్దిన తరువాతనే కొలత మొదలుపెట్టండి.

పాలకొల్లు మరమ్మతులు:

అందరికీ కృతజ్ఞతలండి. మూడు రోజులు ఆలోచించాను. రెండు ఛానళ్ళ డీఎస్ఓ2సీ10 తీసుకుని, మిగిలిన డబ్బుతో డిఫరెన్షియల్ ప్రోబు కొంటున్నాను. అమలాపురం వారు అన్నట్టు గట్టు మీది పనికి చేతి స్కోపు అవసరమే, కాని అది ఈ పంట డబ్బులు వసూలైన తరువాత. అంతవరకు అనుమానం ఉన్న డ్రైవును విప్పి దుకాణానికే తెచ్చుకుంటాను.

భీమవరంలో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవారికి 500 వీఏ ఒకటికి ఒకటి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు చెప్పాను. స్టవ్ పూర్తి పవరు దానిమీద నడవదు కనుక తక్కువ సెట్టింగులో గేటు పల్సులు మాత్రమే చూస్తాను.

కాకినాడ వారు ఎర్తు గురించి రాసినది చదివి, నా బల్ల మీది సాకెట్టులో ఫేజుకూ ఎర్తు రంధ్రానికీ మధ్య 60 వాట్ల టెస్టు ల్యాంపు పెట్టి చూశాను. వెలగలేదు. బోర్డు విప్పితే పచ్చ తీగ ఏ చోటికీ వెళ్ళకుండా గోడలోనే ముడివేసి వదిలేసి ఉన్నది. నాలుగడుగులు తవ్వితే నీరు పడే మా ఊళ్ళో, పదకొండేళ్ళు ఎర్తు లేని బల్ల మీద పనిచేశాను. నిన్న సాయంత్రం ఎలక్ట్రీషియన్ చేత పెరట్లో రాడ్డు దింపించి, కొత్త తీగ లాగించాను. ఇప్పుడు ల్యాంపు పూర్తిగా వెలుగుతున్నది. స్కోపు వచ్చే వారం వస్తుంది. పేలిన వీఎఫ్‌డీ గేటు అలల ఫోటోలు ఇక్కడే పెడతాను, డెడ్ టైమ్ సరిపోతుందో లేదో మీరు చూసి చెప్పాలి.