కంగారూ ఐలాండ్‌కి రెండ్రోజులు చాలా?

ప్రశ్న: అడిలైడ్‌లో ఉంటాం. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్దామని. ఒక రాత్రి ఉంటే సరిపోతుందా అండీ?

జవాబు: చాలదండీ. కేప్ జెర్విస్ నుంచి ఫెర్రీ ముప్పావుగంటే, కానీ దీవి ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 150 కి.మీ. సీల్ బే బీచ్‌లో గైడ్‌తో ఇసుకలోకి దిగండి. ఒంటినిండా ఇసుకతో ఒక తల్లి సీ లయన్ (సముద్ర సింహం) ఆవలిస్తుంటే మావాడు అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు! ఫ్లిండర్స్ చేజ్ అడవి 2020 మంటల్లో కాలిపోయింది. మళ్లీ చిగురించింది, తప్పక చూడాలి. అడ్మిరల్స్ ఆర్చ్ అనే రాతి కమాను కింద ఫర్ సీల్స్ ఉంటాయి, కంపు మాత్రం ఎండుచేపల సంతే. పొద్దుగూకాక కారు తీయకండి, వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి) అడ్డమొస్తాయి.

ఇంకొకరు: తేనె సీసా పట్టుకెళ్లకండి, నిషేధం. అక్కడి లిగూరియన్ జాతి తేనెటీగలకి రోగాలు అంటకూడదని.

ప్రశ్న అడిగినవారు: పులిహోర పర్లేదా?

జవాబు: నిక్షేపంగా. మాకూ కొంచెం ఉంచండి.