నోటి మాంద్యమా, నత్తా?

పాతబైండు: మా అమ్మమ్మ బైబిలు పైకి చదువుతుంటే చెవిన పడ్డ వాక్యం నిన్నటి నుంచి వదలట్లేదు. మోషే మండే పొద ముందు నిలబడి, ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి పొమ్మన్న దేవుడితో "నేను నోటి మాంద్యము నాలుక..." అంటాడే, ఆ రెండోది జాడ్యమా, మళ్లీ మాంద్యమేనా? ఆవిడ పుస్తకం చెదలపాలైంది.

గట్టుమీదివాడు: రెండుసార్లూ మాంద్యమే, నిర్గమకాండము 4:10. అది సరేగానీ అందరూ దాన్ని నత్తి అంటారెందుకు? సండేస్కూల్లో మా టీచరుగారు "మో... మో... మోషే" అని నటించి మరీ చూపించేవారు. అగ్నిమాంద్యం అంటే ఆకలి మందగించడం, ఆకలి ఆగి ఆగి వేయడం కాదుగా!

నిఘంటువుపురుగు: శనిని మందుడు అన్నదీ నడక నెమ్మదని. హీబ్రూలో ఉన్న మాట "కవేద్", అంటే బరువు. బరువైన నోరు, బరువైన నాలుక. అదే మాట 7:14లో ఫరో హృదయానికి వస్తే మనవాళ్లు కఠినం అన్నారు. వీడి నోటికీ వాడి గుండెకీ ఒకటే బరువన్న సంగతి తెలుగులోకి వచ్చేసరికి జారిపోయింది, నాకదే బాధ.

గట్టుమీదివాడు: మరి అపొస్తలుల కార్యములు 7:22లో మోషే మాటల్లోనూ ప్రవీణుడే అని ఉందిగా. నా లెక్కలో నత్తీ లేదు పాడూ లేదు. నలభై ఏళ్లు మిద్యానులో మందతో తిరిగి తను పెరిగిన రాజుగారింటి భాష మర్చిపోయాడు, అమెరికా నుంచి వచ్చిన మా బావ తెలుగులాగ.

ఉప్పుటేరు: అదంతా వంకండీ. ఐగుప్తీయుణ్ణి చంపి ఇసకలో కప్పెట్టి పారిపోయిన మనిషి, ఆ ఊసెత్తకుండా నెపం నాలుక మీదికి తోస్తున్నాడు. దేవుడైనా నోరు బాగుచేస్తాననలేదు, "నీ నోటికి తోడైయుండి" అన్నాడు. ఇంకా నసిగితే కోప్పడి అన్న అహరోనును జతచేశాడు. చివరికి వెళ్లాడుగా, ఎనభై ఏళ్ల వయసులో, ఆ బరువు నోటితోనే. మన పోతన "పలికించు విభుండు రామభద్రుండట" అన్నదీ ఇదేగా.

నిఘంటువుపురుగు: "పలికించెడివాడు" అండీ.

ఉప్పుటేరు: మా మాస్టారు విభుండు అనే చెప్పారు.

నిఘంటువుపురుగు: కందంలో రెండూ కూర్చుంటాయి, ఎలా చదివినా ఆరో గణం "డు రామ" జగణమే (లఘువు, గురువు, లఘువు), కాబట్టి ఛందస్సు సాక్ష్యం చెల్లదు. కానీ మళ్లీ మళ్లీ "పలుకు" మోగే పద్యంలో విభుడు ఎందుకు, వాడు అంటే ఎంత దగ్గర! అసలు రుచి "అట"లో ఉంది. పలికెడిది భాగవతమట, పలికించేది రాముడట, పలికితే భవహరమట, అన్నీ ఎవరో చెప్తే విన్నట్టే. తన పూచీ మీద అన్నది "పలికెద" ఒక్కటే.

గట్టుమీదివాడు: అయితే మోషేది అట లేని భయం.

ఉప్పుటేరు: విభుండు అంటేనే గంభీరంగా ఉంటుంది, నేను మార్చుకోను.

పాతబైండు: నా ప్రశ్న ఎటు పోయింది? మా అమ్మమ్మ జాడ్యమనే చదివేది, ఒట్టు.