పెద్ద చేపల కోసం ఒక్క ప్రయాణమే వీలైతే గాలాపగోస్‌కా, మాల్దీవులకా?

నీలిలోతు:
వచ్చే ఏడాది జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో నాకూ మావారికీ ఒకేసారి సెలవు దొరుకుతుంది. మళ్లీ ఇలాంటి వీలు ఎప్పుడొస్తుందో తెలియదు. ఇద్దరికీ అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉంది కానీ ఇప్పటిదాకా డైవింగ్ అంతా వెచ్చటి, కదలిక లేని నీళ్లలోనే. ఈసారి వేల్ షార్క్ (సొరల్లో అన్నిటికంటే పెద్దది), మాంటా రే (రెక్కలు చాచినట్టుండే బల్లపరుపు చేప) చూడాలని, అదృష్టం ఉంటే హ్యామర్‌హెడ్ (సుత్తి తల సొర) గుంపు కూడా కనపడాలని కోరిక. తెలిసినవాళ్లలో కొందరు పసిఫిక్‌లో ఈక్వడార్‌కు చెందిన గాలాపగోస్ దీవులు అంటారు, కొందరు మాల్దీవులు అంటారు. మీరైతే ఎటు వెళ్తారు, ఎందుకు?

సొరచుక్క:
గాలాపగోస్. ఇందులో తటపటాయించడానికేం లేదు. ఉత్తరాన ఉన్న డార్విన్, వుల్ఫ్ దీవుల దగ్గర హ్యామర్‌హెడ్‌లు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. జూన్ నుంచి నవంబరు దాకా వేల్ షార్క్‌లు వచ్చే కాలం, మీ సెలవు సరిగ్గా అందులోనే పడింది. మిగతా చాలా చోట్ల కనిపించేవి ఎక్కువగా ఎదిగే వయసు మగవి. ఇక్కడికి వచ్చేవి దాదాపు అన్నీ పెద్ద ఆడవి, పది మీటర్లు దాటినవి. అంత పెద్ద ప్రాణి మీ పక్క నుంచి వెళ్తుంటే తల నుంచి తోక దాకా చూడటానికి మెడ తిప్పాల్సి వస్తుంది. ఒక్కసారే వెళ్లగలిగితే అక్కడికే వెళ్లాలి.

ఉప్పుగాలి:
సొరచుక్క గారు చేపల గురించి చెప్పిందంతా నిజమే. కానీ నీలిలోతు గారు తమ అనుభవం గురించి ఒక మాట చెప్పారు కదా, దాన్ని పక్కన పెట్టలేం.

అక్కడ చేపలు అంతగా చేరడానికి కారణమే అక్కడి నీళ్ల కష్టానికీ కారణం. పసిఫిక్‌లో లోతున పడమర నుంచి వచ్చే క్రామ్‌వెల్ ప్రవాహం ఆ దీవులకు తగిలి పైకి లేస్తుంది. దానితో పాటు చల్లటి నీరు, పోషకాలు పైకొస్తాయి. జూలై, ఆగస్టుల్లో దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ ప్రవాహపు చలి కూడా తోడవుతుంది. దీవులు భూమధ్యరేఖ మీదే ఉన్నా మందపాటి వెట్‌సూట్ లేకుండా దిగలేరు. డార్విన్ దగ్గర ప్రవాహం గట్టిగా ఉంటే బండను పట్టుకుని ఆగాలి, వేల్ షార్క్ కనపడగానే వదిలి నీలం నీళ్లలోకి ఈదాలి, చివర్లో నేల ఏమీ కనపడని చోట సేఫ్టీ స్టాప్ చేసి (పైకి వచ్చే ముందు కాసేపు ఆగి), పడవకు గుర్తుగా తేలే బోయా వదిలి పడవ కోసం చూడాలి.

హ్యామర్‌హెడ్ సంగతి ఇంకా సున్నితం. అవి రాత్రి బయటి సముద్రంలో వేటాడి, పగలు ఆ బండల దగ్గరకు వస్తాయి. చిన్న చేపల చేత ఒంటి మీది పరాన్నజీవులను తీయించుకుంటాయి. బుడగల శబ్దం ఎక్కువైతే దూరం జరుగుతాయి. ఊపిరి అదుపులో లేనివాళ్ల దగ్గరకు రావు. టెన్షన్‌తో గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూసుకుంటూ కూర్చుంటే పైనుంచి గుంపు వెళ్లిపోయినా తెలియదు.

మాల్దీవుల్లో మీ నెలల్లో నైరుతి రుతుపవనం నడుస్తుంది. నీరు పడమర నుంచి అటాల్స్‌లోకి (ఉంగరంలా ఉండే పగడపు దీవుల గుంపుల్లోకి) వచ్చి తూర్పు కాలువల గుండా బయటికి పోతుంది. పాచి (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, ప్లాంక్టన్) అంతా తూర్పున చేరుతుంది, మాంటాలు దాని వెంటే వస్తాయి. బా అటాల్‌లోని హనిఫారు బే దీనికే పేరు పొందింది. దక్షిణ ఆరి అటాల్‌లో వేల్ షార్క్‌లు ఏడాది పొడవునా కనిపిస్తాయి. నీరు వెచ్చగా ఉంటుంది. మీరు అడిగిన మూడింటిలో రెండు దొరికే అవకాశం బాగా ఉంది. హ్యామర్‌హెడ్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

సొరచుక్క:
హనిఫారులో సిలిండరుతో దిగనివ్వరు, స్నార్కెలింగ్ మాత్రమే. డైవింగ్ కోసం వెళ్లేవాళ్లకు ఆ మాట ముందే చెప్పాలి. పాచి ఉన్న వైపు నీరు మసకగా ఉంటుందని కూడా చెప్పాలి. పైగా మాల్దీవుల కాలువల్లో ప్రవాహం తక్కువేమీ కాదు, రీఫ్ హుక్ (కొట్టుకుపోకుండా బండకు తగిలించే కొక్కెం) వాడే చోట్లు చాలా ఉన్నాయి.

పగడపుమెట్టు:
మీరిద్దరూ ఫువహ్ములాను మరిచిపోయారు. మాల్దీవుల దక్షిణాన ఒంటరిగా ఉన్న దీవి. టైగర్ షార్క్‌లు ఏడాదంతా ఉంటాయి, రేవుకు దగ్గర్లోనే. వెళ్తే కనపడకపోవడం అనేది అరుదు.

ఉప్పుగాలి:
అవి ఎందుకు కనపడతాయో కూడా చెప్పండి. రేవులో పారేసే చేపల వ్యర్థాలకు అలవాటుపడినవి అవి. ఇప్పుడు డైవింగ్ వాళ్లు కూడా రాళ్ల కింద చేప ముక్కలు పెడతారు. ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్‌లో వేల్ షార్క్‌లకు చిన్న రొయ్యలు తినిపిస్తున్నారు. అవి పడవ చూస్తే తిండి అనుకుని దగ్గరకు వస్తాయి, ప్రొపెల్లర్ దెబ్బ తగిలే ముప్పు అక్కడే మొదలవుతుంది. వలస పోవాల్సిన చేపను పళ్లెం దగ్గర కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. ఆస్ట్రేలియాలోని నింగలూలో తిండి పెట్టరు. చిన్న విమానం పైనుంచి వెతికి చెబితే, ఈతగాళ్లు దూరం పాటిస్తూ నీళ్లలోకి దిగుతారు. అక్కడా వేల్ షార్క్‌లు కనపడుతూనే ఉన్నాయి కదా.

పగడపుమెట్టు:
ఓస్లోబ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఓస్లోబ్‌నూ ఫువహ్ములానూ ఒకే గాటన కట్టకండి. బహామాస్‌లో ఎర చూపించే టైగర్ షార్క్ డైవింగ్ దశాబ్దాలుగా ఉంది. ఆ దేశం లాంగ్‌లైన్ వేటను (గాలాలు వరసగా కట్టిన పొడవాటి తాడుతో పట్టడాన్ని) 1990లలోనే నిషేధించింది, 2011లో తన జలాలన్నిటినీ సొరచేపల అభయారణ్యం చేసింది. బతికున్న సొరకు విలువ వచ్చింది కాబట్టే అది సాధ్యమైందని నా అభిప్రాయం. మాల్దీవులు కూడా 2010లో సొర వేటను నిషేధించాయి.

ఉప్పుగాలి:
వేట ఆగడం గొప్ప సంగతే, కాదనను. నా అభ్యంతరం ఎర మీదే. మాల్దీవుల్లో ఆ నిషేధం మేలు ఎర లేని రీఫ్‌ల (పగడపు దిబ్బల) మీదా కనపడుతుంది, అక్కడికే వెళ్లమంటాను.

అలలలెక్క:
చర్చ రెండు పేర్ల దగ్గరే తిరుగుతోంది కాబట్టి మిగతావాటి సంగతి. పెద్ద మాంటాలకు పేరున్న మెక్సికో సొకోరో దీవుల సీజన్ నవంబరు నుంచి మే దాకా. ఫిలిప్పీన్స్‌లోని టుబ్బటాహా జూన్ మధ్యకల్లా ముగుస్తుంది. థాయ్‌లాండ్ సిమిలన్ దీవులు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసి ఉంటాయి. కోస్టారికాలోని కోకోస్ దీవికి మీ నెలలు బాగుంటాయి, హ్యామర్‌హెడ్‌లకు అది గొప్ప చోటు. కానీ ఒడ్డు నుంచి సుమారు 550 కిలోమీటర్లు, ఒకటిన్నర రోజు పడవలోనే గడపాలి, నీళ్లు కూడా కొత్తవాళ్లవి కావు. కాబట్టి ముందు నెల, తరువాత మీ చేతనైన నీళ్లు, ఆ తరువాతే చేప. ఈ వరసలో చూస్తే నా ఓటు మాల్దీవులకు.

నీలిలోతు:
అయితే ఈసారి మాల్దీవులే. ఫువహ్ములా వద్దనుకుంటున్నాం, ఎర సంగతి చదివాక మనసొప్పలేదు. హ్యామర్‌హెడ్ గురించి మావారికి నచ్చజెప్పాలి.

సొరచుక్క:
నా మాట మార్చుకోను, కానీ వెళ్లేటప్పుడు ఇవి అడగండి. లైవ్‌అబోర్డ్ (అందులోనే రోజులు గడుపుతూ డైవ్ చేసే పడవ) జూలైలో అటాల్స్ తూర్పు వైపు తిరుగుతుందా, గైడు ఒక్కరికి ఎంతమంది, మొదటి రోజు తేలిక డైవ్ పెడతారా. ఆ మూడో దానికి సూటిగా జవాబివ్వని పడవ ఎక్కకండి. ప్రవాహంతో పాటే సాగుతూ చేసే డ్రిఫ్ట్ డైవింగ్, బోయా వదలడం ముందే ఎక్కడైనా నేర్చుకోండి. గాలాపగోస్‌కు కూడా అవే పనికొస్తాయి.