నా రీల్ ఎవరు షేర్ చేస్తున్నారో తెలుసుకునే దారుందాండీ?

మాది ఆత్రేయపురం అండి, ఇంట్లోనే పూతరేకులు చేసి అమ్ముతాం. పిండినీళ్ళలో ముంచిన గుడ్డ కాలుతున్న కుండ మీద ఇలా పరిచి అలా లాగితే పల్చటి రేకు లేస్తుంది కదా, అమ్మ చేతుల్ని దగ్గర్నుంచి తీసి ఇన్‌స్టాలో పెట్టాను. బాగానే తిరిగింది. 2023లో ఇక్కడి పూతరేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చాక మా ఊరి పేరుంటే జనం ఆగి చూస్తున్నారు లెండి.

నాది ప్రొఫెషనల్ అకౌంటే. ఇన్‌సైట్స్‌లో, అంటే ఇన్‌స్టా లెక్కలు చూపించే చోట, ఎన్ని షేర్లో అంకె కనబడుతోంది గానీ పేర్లు రావట్లేదు. మెసేజ్‌లో పంపుకున్నవి వాళ్ళ సొంతం, సరే. స్టోరీల్లో పెట్టుకున్నవాళ్ళనైనా చూడొచ్చా?

అసలు తలనొప్పి వేరే ఉంది. ఎవరో డౌన్‌లోడ్ చేసి, మూలనున్న మా పేరు కత్తిరించి, తమ కొట్టు నంబరేసి రావులపాలెం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు. ఆ లెక్క ఇన్‌స్టాకి అందదు. పేర్లు చూపిస్తామనే యాప్‌లేమో పాస్‌వర్డ్ అడుగుతున్నాయి, వాటి జోలికి పోను.

ఇలా తిరిగే వీడియో ఎక్కడ మొదలైందో పట్టుకున్నవాళ్ళున్నారా? పేరు నడిమధ్యన వేద్దామంటే రేకే కనబడదు. మీరేం చేస్తున్నారండీ?