బత్తాయి: బాగా కాసే చెట్టు కొమ్మ తెచ్చి మనమే దాని కన్ను (ఆకు పక్కనుండే మొగ్గ) వేరే మొక్కకు అంటు కట్టుకుంటే తప్పేంది?

గుర్రంపోడ్ తోట: పక్క తోటల ఒక సాతుగుడి (బత్తాయి రకం) చెట్టు ఏటా విరగకాస్తది. ఒక్కో కొమ్మకు ఎన్నో కళ్లు, ఒక్కో కన్నుకు ఒక మొక్క. తల్లి ఎట్లనో పిల్ల అట్లనే. నర్సరీకి పైసలెందుకు?

కొండమల్లేపల్లి: తల్లి ఎట్లనో పిల్ల అట్లనే, భయం కూడా అదే అన్నా. తల్లి చెట్టుకు ఉంటే కన్నుతో పాటు గ్రీనింగ్ అనే బ్యాక్టీరియా రోగం వస్తది. ఆ బ్యాక్టీరియా చెట్టంతా ఒకే తీరుగ ఉండదు, పచ్చగున్న కొమ్మల కూడా దాగుంటది. ఆకు నడి ఈనెకు రెండు దిక్కుల ఒకే తీరుగ పసుపెక్కితే జింకు లోపం కావచ్చు. రెండు దిక్కుల మచ్చలు పొంతన లేకుంటే గ్రీనింగ్ అనుమానం. ఖాయం చేసేది ల్యాబుల క్రిమి జన్యువును పట్టే పీసీఆర్ పరీక్షనే.

దేవరకొండ నర్సరీ: అసలు అది చెట్టు గుణమా, జాగ గుణమా? తరతరాలుగా అంటు మీద అంటు కట్టిన రకం, చెట్టుకు చెట్టుకు పుట్టుకల తేడా చానా తక్కువ. పెంటకుప్ప పక్కన చెట్టు ఎక్కువ కాస్తది. కొమ్మ కోస్తే పెంటకుప్ప ఎంబడి రాదు.

గుర్రంపోడ్ తోట: అట్లయితే గింజ నాటుదాం, రోగం రాదు.

దేవరకొండ నర్సరీ: రోగం మాట దాదాపు నిజమే. బత్తాయి, జంభేరి నిమ్మ, రంగపూర్ నిమ్మ ఒక్కో గింజల ఒకటికి మించి మొలకలొస్తయి, ఎక్కువ శాతం పుప్పొడితో పని లేకుండ తల్లి కణజాలం నుంచే. అంటే అవీ నకళ్లే. కానీ గింజ చెట్టుకు ముళ్లెక్కువ, కాపు ఏండ్లు ఆలస్యం. అందుకే గింజ మొక్కను వేరు మూలానికి, అంటే కన్ను కట్టే అడుగు మొక్కకు వాడుతం. గిడసబారినవి, తేడాగ ఉన్నవి మడిలోనే పీకెయ్యాలె. కాండం పెన్సిలు లావైనంక, నేల నుంచి 15–20 సెంటీమీటర్ల ఎత్తుల కన్ను కట్టాలె. నాటేటప్పుడు ఆ అతుకు మట్టిల పూడితే మొదలు కుళ్లి బంక కారే బంక తెగులు ముప్పు ఎక్కువ.

నాంపల్లి రైతు: వేరు మూలం జంభేరే మేలు, జోరుగ పెరుగుతది.

కొండమల్లేపల్లి: వేర్లు కుళ్లి చెట్టు ఎండే ఎండు తెగులుకు జంభేరి తట్టుకోదు, రంగపూరే నయం. కానీ రంగపూర్ మీద పరీక్ష చెయ్యని కన్ను కడితే ఇంకో చిక్కు. ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ (వైరస్ కన్నా చిన్న రోగకారకం) బత్తాయిల కనపడకుండ ఉంటది, రంగపూర్ మొదలు మీద బెరడు పెచ్చులూడి చెట్టు గిడసబారుతది. అంటు కత్తితో కూడా అంటుకుంటది. స్పిరిట్ తుడిస్తే పోదు, చెట్టు మారినప్పుడల్లా బ్లీచింగ్ నీళ్లల్ల ముంచాలె.

గుర్రంపోడ్ తోట: చెట్లు సచ్చిన జాగల నాలుగు మొక్కలు పెట్టనీకి ఇంత పరీక్షనా?

కొండమల్లేపల్లి: నాలుగైనా అంతే. వాటి లేత చిగురు మీద వాలిన సిల్లా పురుగు గ్రీనింగ్‌ను తోటంత మోస్తది.